తారు రోడ్డు దిగే ముందు: ఆఫ్‌రోడ్‌కి బండినీ సామాన్లనీ సిద్ధం చేసుకోవడం, క్షేమంగా నడపడం

ఆఫ్‌రోడ్ మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేవి ఏ బంపర్ వేయించాలి, ఎన్ని లైట్లు పెట్టించాలి, బండిని ఎన్ని అంగుళాలు లేపాలి అనే ప్రశ్నలే. నన్నడిగితే ఆ డబ్బు పక్కన పెట్టి ముందు మూడు వస్తువులు కొనమంటాను: టైర్లలో గాలి కొలిచే మంచి గేజ్, గాలి నింపే చిన్న కంప్రెసర్, దిగబడిన బండిని లాగడానికి, దాని బరువుకు తగిన రికవరీ స్ట్రాప్ అనే పట్టీ. మట్టిలోకి దిగిన బండి ఎప్పుడో ఒకప్పుడు దిగబడుతుంది. దిగబడినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. తొందరపడి లాగినప్పుడూ, పారే నీళ్లలోకి దింపినప్పుడూ ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఈ రెండింటి గురించీ ఇక్కడ ఎక్కువగా చెబుతాను.

మన దగ్గర ఎదురయ్యే నేలలనే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను: పాడేరు, మారేడుమిల్లి వైపు ఏజెన్సీ దారులు, పల్నాడు, కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడి, గోదావరి ఇసుక మేటలు, వికారాబాద్ చుట్టూ ఎర్రమట్టి డొంకలు.

మొదట బండి కిందికి దూరి చూడండి

మహీంద్రా థార్ కొన్నాం కాబట్టి ఎక్కడికైనా పోతుంది అనుకోవద్దు. థార్‌లోనే 2023 నుంచి వెనక చక్రాలు మాత్రమే లాగే రకం కూడా వస్తోంది. బయటి నుంచి చూస్తే తేడా అంతగా తెలియదు. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ రకంలో మామూలు గేర్ రాడ్ పక్కన ఇంకో చిన్న లీవర్ ఉంటుంది. మారుతి జిమ్నీలో అన్ని వేరియంట్లకూ ఫోర్ బై ఫోర్ ఉంది. ఫోర్స్ గూర్ఖాకైతే ముందూ వెనకా డిఫరెన్షియల్ లాక్‌లు (ఒక ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు) కూడా కంపెనీ నుంచే వస్తాయి. ఆల్ వీల్ డ్రైవ్ అని రాసి ఉండే చాలా ఎస్‌యూవీల్లో లో రేంజ్, అంటే మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేర్ల వరస ఉండదు. అవి తడి మట్టి మీద, పలచటి ఇసుక మీద బాగానే పోతాయి కానీ రాళ్ల ఎత్తులు ఎక్కడానికి పనికిరావు.

లీవర్ మీద 2హెచ్ (రెండు చక్రాలు, మామూలు గేర్లు), 4హెచ్ (నాలుగు చక్రాలు, మామూలు గేర్లు), 4ఎల్ (నాలుగు చక్రాలు, లో రేంజ్) అని ఉంటాయి. తారు రోడ్డు మీద 2హెచ్. వదులు మట్టి, ఇసుక, తడి దారి వస్తే 4హెచ్. నిటారు ఎత్తు, రాళ్లు, లోతైన బురద వస్తే 4ఎల్. థార్, జిమ్నీ, గూర్ఖా లాంటి బళ్లలో ఎండిన తారు మీద 4హెచ్, 4ఎల్ వాడకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. ఈ బళ్లలో ఆ తేడాను సర్దే ఏర్పాటు మధ్యలో లేదు కాబట్టి ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. మట్టి మీదైతే చక్రం కొంచెం జారి ఆ ఒత్తిడి పోతుంది.

తర్వాత బండి కింద మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. ఒకటి, నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న భాగం. ఇరుసు గొట్టంలా ఒకే ముక్కగా ఉండే బళ్లలో అది డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే ఇరుసు మీద గేర్లు ఉండే ఉబ్బెత్తు డబ్బా. రెండు, ఇంజిన్ గాలి పీల్చుకునే చోటు ఎంత ఎత్తులో ఉందో. మూడు, తాడు తగిలించే పాయింట్లు. ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యం. లారీలో ఎక్కించి కట్టడానికి ఇచ్చిన పలచటి కొక్కేలు, బంపర్‌లో మర బిగించే చిన్న టోయింగ్ హుక్కులు రికవరీకి పనికిరావు. ఛాసిస్‌కి బోల్టులతో గట్టిగా బిగించిన పాయింట్ కావాలి. అలాంటివి ముందొకటి, వెనకొకటి లేకపోతే ముందు అవి వేయించుకున్నాకే మట్టిలోకి దిగండి.

ఏవి పెట్టుకోవాలి, ఏవి అక్కర్లేదు

గాలి సామాను సంగతి మొదట చెప్పాను. కంప్రెసర్ పెద్దదైతే డాష్‌బోర్డు సాకెట్‌లో పెట్టకండి, ఫ్యూజు పోతుంది. నేరుగా బ్యాటరీకి క్లిప్పులు తగిలించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి వాడండి.

స్ట్రాపుల్లో రెండు జాతులున్నాయి, వీటిని కలగాపులగం చేయడం ప్రమాదం. సాగేవి ఒక రకం: స్నాచ్ స్ట్రాప్, కైనెటిక్ రోప్. ఇవి లాగినప్పుడు 20 నుంచి 30 శాతం దాకా సాగి, ఆ సాగుడు శక్తితో దిగబడిన బండిని మెల్లగా బయటికి తెస్తాయి. సాగనివి ఇంకో రకం: మామూలు టో స్ట్రాప్, గొలుసు, వైరు రోప్. వీటితో నిదానంగా, ఆపకుండా లాగాలే తప్ప కుదుపు ఇవ్వకూడదు. కుదుపు ఇస్తే తాడో, కొక్కెమో తెగి తూటాలా వస్తుంది. స్ట్రాప్ తెగే బలం మీ బండి, మనుషులు, సామాను మొత్తం బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్లు ఉండాలి. లోడుతో రెండున్నర టన్నుల దాకా తూగే థార్ లాంటి బండికి 6 నుంచి 8 టన్నుల స్ట్రాప్ సరిపోతుంది. మరీ బలమైనది తీసుకుంటే అది సాగదు, లాభం లేదు.

దాంతోపాటు స్ట్రాప్‌ను బండికి తగిలించే 4.75 టన్నుల బో షాకిల్స్ (పిన్నుతో మూసే ఇనుప కొక్కేలు) రెండు, లేదా తాడుతో అల్లిన సాఫ్ట్ షాకిల్స్. నేను సాఫ్ట్ షాకిల్స్‌కే ఓటు వేస్తాను. తెగినా ఇనుప ముక్క ఎగిరి రాదు. తాడు తెగితే ఎగిరి రాకుండా దాని మీద వేయడానికి డ్యాంపర్ అనే బరువు కావాలి. అది లేకపోతే తడిపిన గోనెసంచో, బరువైన దుప్పటో వేయొచ్చు.

మిగతావి: పొట్టి పార, చక్రం కింద పెట్టే ట్రాక్షన్ బోర్డులు ఒక జత, జాకీ, ఆ జాకీ కింద వేయడానికి అడుగు చదరం మందపాటి చెక్క. మెత్తటి నేలలో ఆ చెక్క లేకపోతే జాకీ తానే భూమిలోకి దిగిపోతుంది. సరైన గాలితో స్టెప్నీ, వీల్ స్పానర్, పంచర్ కిట్, జంపర్ కేబుల్, తలకు కట్టుకునే టార్చి, తోలు గ్లవ్స్, చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక్కొక్కరికీ కనీసం నాలుగు లీటర్ల మంచినీళ్లు. బరువైనవన్నీ కింద, సీట్ల వెనక, బెల్టుతో కట్టి పెట్టాలి. టాప్ మీద బరువు పెరిగే కొద్దీ బండి పక్కకు ఒరిగే గుణం పెరుగుతుంది. కట్టకుండా వదిలేసిన జాకీ, బండి పల్టీ కొడితే లోపల మనిషి తల పగలగొడుతుంది.

బండి ముందు బిగించే బుల్ బార్ వేయించకండి. ఢీకొన్నప్పుడు దెబ్బను బండి ముందు భాగం నలిగి తీసుకోవాలి. ఈ ఇనుప చట్రం ఆ దెబ్బను నేరుగా ఛాసిస్‌కి పంపుతుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే సమయాన్ని పాడుచేస్తుంది. వీటి మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా అడ్డుకుంటుంది. పెద్ద సైజు టైర్లు వేసి, ఎత్తు లేపాక ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. టైర్లు మార్చాలనిపిస్తే కంపెనీ సైజులోనే రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం వేయించండి. బురద కోసం చేసే మడ్ టెరైన్ టైర్లు నల్లరేగడిలో, అడుసులో తప్ప మన వాడకానికి అంత అవసరం లేదు. తడి తారు మీద అవి పట్టు తక్కువ ఇస్తాయి, మోత ఎక్కువ.

బయల్దేరే ముందు

కనీసం రెండు బళ్లు ఉండాలి. ఒంటరి బండితో కొత్త దారిలోకి వెళ్లొద్దు, ఈ విషయంలో మినహాయింపు లేదు. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికల్లా సిగ్నల్ దొరికే చోటికి వస్తారో ఇంట్లో చెప్పండి. ఏజెన్సీలో చాలాచోట్ల ఫోన్ పనిచేయదు, అంటే 108 కూడా అందదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చిట్టచివరి ఊళ్లో ఆగి అక్కడివాళ్లను అడగండి. నిన్న ఎక్కడ వాన పడింది, ఏ గెడ్డ (కొండవాగు) పారుతోంది, జీపులు ఏ దారిన పోతున్నాయి అన్నది వాళ్లకు తెలిసినంతగా ఏ మ్యాప్‌కీ తెలియదు.

అడవి సంగతి. అభయారణ్యంలో పబ్లిక్ రోడ్డు దిగి లోపలికి పోవాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి ఉండాలి. నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలం, అమ్రాబాద్ టైగర్ రిజర్వులు, గోదావరి దగ్గర పాపికొండలు నేషనల్ పార్కు ఇలాంటివే. అక్కడ ఆఫ్‌రోడ్ ఆలోచనే వద్దు. సముద్రపు ఒడ్డు ఇసుక మీద బండి తోలడం కూడా నాకు అస్సలు నచ్చని పని. చలికాలం చివర్లో, వేసవి మొదట్లో మన తీరమంతా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుక కింద గూడు పైకి కనపడదు. బండి ఒక్కసారి మీద నుంచి పోతే గూడు మొత్తం పోయినట్టే.

పొలాల మధ్య డొంకలో పోయేటప్పుడు దారి దాటి పక్క చేలోకి చక్రం పెట్టకండి. గట్టు తెగితే మడిలో నీళ్లు పోతాయి, అది ఒక కుటుంబం పంట. తప్పనిసరై దిగాల్సి వస్తే రైతును అడిగి దిగండి.

గాలి తగ్గించడం

మట్టి మొదలయ్యే చోట ఆగి ముందు చేయాల్సిన పని ఇదే. గాలి తగ్గితే టైరు నేలకు ఆనే భాగం పొడవవుతుంది. బరువు ఎక్కువ చోట పరుచుకుని చక్రం తక్కువ దిగుతుంది, రాళ్లను పొదువుకుని పోతుంది, కుదుపులు కూడా తగ్గుతాయి. రోడ్డు మీద 30 నుంచి 35 పీఎస్ఐ (గేజ్ మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) ఉంచేవాళ్లు గులకరాళ్ల దారికి 25 దాకా, బురదకు 20 దగ్గరికి, లోతైన ఇసుకకు 15 నుంచి 18కి తగ్గించొచ్చు. మామూలు రిమ్ములతో 15 కంటే కిందికి పోకండి, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. నాలుగు చక్రాలకూ ఒకే తీరుగా తగ్గించండి. తగ్గించాక గంటకు 30, 40 కిలోమీటర్లు దాటొద్దు, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పొద్దు. తారు ఎక్కగానే మళ్లీ నింపాలి. తక్కువ గాలితో హైవే మీద పోతే టైరు వేడెక్కి పేలుతుంది.

రెండు చక్రాలు లాగే మామూలు కారుకైనా ఈ ఒక్క పనితో ఎంత తేడా వస్తుందో చేసి చూస్తే నమ్ముతారు.

నడపడం

అందరూ బెల్టు పెట్టుకోవాలి. నడిచినంత వేగమే కదా అని తీసేస్తారు, కానీ పల్టీ కొట్టేది ఆ వేగంలోనే. స్టీరింగ్ పట్టుకునేటప్పుడు బొటనవేళ్లు చక్రం లోపలికి పెట్టకుండా అంచు మీద ఉంచండి. ముందు చక్రం రాయికి తగిలితే స్టీరింగ్ గిర్రున తిరిగి వేలు విరుస్తుంది. అనుమానం వచ్చిన ప్రతిచోటా దిగి నడిచి చూడండి. దారి చూపించే మనిషి ఒక్కరే ఉండాలి. నలుగురు నాలుగు చేతులు ఊపితే డ్రైవర్ ఎవరి మాటా వినలేడు. ఆ ఒక్కరూ బండికి ముందు, డ్రైవర్‌కి కనపడేంత దూరంలో నిలబడాలి. బండికీ చెట్టుకూ మధ్య, బండికీ లోయకూ మధ్య నిలబడకూడదు.

ఎత్తు ఎక్కేటప్పుడు అవతల ఏముందో ముందే చూసి రండి. 4ఎల్‌లో, సగంలో మార్చాల్సిన పనిలేని గేరులో, ఒకే తీరు యాక్సిలరేటర్‌తో నిటారుగా ఎక్కండి. మధ్యలో ఆగిపోతే పక్కకు తిప్పే ప్రయత్నం చేయొద్దు, అడ్డం తిరిగిన బండి దొర్లుతుంది. బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని, రివర్స్ గేరు వేసి, ఎక్కిన గాడిలోనే తిన్నగా వెనక్కి దిగండి. ఇంజిన్ పోయి ఉంటే ముందు స్టార్ట్ చేయండి. ఇంజిన్ ఆడకపోతే బ్రేకు, స్టీరింగ్ రెండూ బరువెక్కుతాయి.

దిగేటప్పుడు 4ఎల్ మొదటి గేరు, క్లచ్ మీద కాలు లేకుండా. బండిని ఇంజిన్ పట్టుకుంటుంది. క్లచ్ తొక్కితే ఆ పట్టు పోయి బండి జారుకుంటుంది. వెనక భాగం పక్కకు జారడం మొదలైతే బ్రేకు బదులు కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే చక్రాలు మళ్లీ తిరిగి దారిలోకి వస్తుంది. ఇది చదివితే వింతగా ఉంటుంది, చిన్న వాలు మీద రెండు మూడుసార్లు అలవాటు చేసుకోండి.

వాలుకు అడ్డంగా పోవడం అన్నిటికంటే ప్రమాదం. వేరే దారి ఉంటే అదే పట్టండి. అడ్డంగా పోతూ జారితే స్టీరింగ్ పల్లం వైపే తిప్పాలి, ఎత్తు వైపు కాదు.

రాళ్ల మీద అందరూ చేసే పొరపాటు రాయిని రెండు చక్రాల మధ్యలోకి తీసుకోవడం. రాయి మీదికి టైరునే ఎక్కించండి. అప్పుడు బండి కింది భాగం దానితో పాటు లేస్తుంది.

ఇసుకలో ఊపు పోగొట్టుకోకూడదు. ఆగాలంటే బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ వదిలి తనంతట తాను ఆగనివ్వండి, వీలైతే పల్లం వైపు ముఖం పెట్టి. బ్రేకు వేస్తే చక్రాల ముందు ఇసుక కుప్ప పడి మళ్లీ కదలడం కష్టం. గోదావరి మేటల్లో ఇసుక తవ్విన గుంతలు నీళ్లు నిండి పైకి చదునుగా కనిపిస్తాయి, కొత్తచోట నడిచి చూడకుండా పోవద్దు.

నల్లరేగడి గురించి ఒకే మాట: తడిగా ఉంటే దిగొద్దు. ఆ మట్టిలోని బంక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, టైరు గాడుల్లో నిండి టైరును నున్నగా చేసేస్తుంది. ఎంత ఖరీదైన ఫోర్ బై ఫోర్ అయినా అక్కడ చక్రాలు ఊరికే తిరుగుతాయి. అనుకోకుండా వాన పడితే బండి ఉన్నచోటే ఆపి, నేల ఆరేదాకా ఆగడమే తెలివి.

ఘాట్ రోడ్డులో ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికి దారివ్వాలి. రూలు కూడా అదే.

నీళ్లు

నిలిచిన నీళ్లు, పారే నీళ్లు రెండూ వేరు. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో పోగలదని కంపెనీ చెప్పింది కదా అని పారే వాగులో దింపకండి. ప్రవాహంలో అడుగు లోతు నీళ్లు చిన్న కారును తేల్చగలవు, రెండడుగులైతే ఎస్‌యూవీలను కూడా ఈడ్చుకుపోతాయి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు దగ్గర కారు కొట్టుకుపోయి ఇద్దరు చనిపోయారు. అది మామూలు రోడ్డు. చప్టా మీద నీళ్లు పారుతుంటే, కింద సిమెంటు కోసుకుపోయిందో లేదో పైనుంచి తెలియదు. ఏజెన్సీలో పైన కొండల మీద వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా గెడ్డ కొద్ది నిమిషాల్లో ఉరకలేస్తుంది. నీళ్లు ఎర్రగా మారడం, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం మొదలైతే వెంటనే ఒడ్డెక్కండి.

నిలిచిన నీళ్లలో అయినా ముందు కర్రతో నడిచి చూడాలి. మోకాలు దాటితే వదిలేయండి. 4ఎల్‌లో నడక వేగంతో, ముందు చిన్న అల లేచేలా, గేరు మార్చకుండా, ఆగకుండా పోవాలి. నీళ్ల మధ్యలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే, స్టార్టర్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేని మామూలు బీమాలో ఈ నష్టానికి డబ్బు రావడం కష్టం. తాడు వేసి బయటికి లాగి మెకానిక్‌కి చూపించండి. క్షేమంగా దాటితే, నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు తొక్కి ఆరనివ్వండి.

దిగబడితే

1. చక్రం ఊరికే తిరుగుతోందని తెలియగానే యాక్సిలరేటర్ వదిలేయండి. ఒక్కో సెకనుకూ గుంత లోతవుతుంది.

2. దిగి చూడండి. బండి పొట్ట నేలకు ఆనిందా, ఏ చక్రానికి పట్టు లేదు, ఏ వైపు బయటికి రావడం తేలిక. చాలాసార్లు వచ్చిన దారే తేలిక, ఎందుకంటే అక్కడి నేల ఎలాంటిదో మీకు తెలుసు.

3. గాలి ఇంకొంచెం తగ్గించి, చక్రాల ముందు మట్టిని వాలుగా తవ్వండి. పొట్ట ఆని ఉంటే అక్కడి మట్టి కూడా తీయాలి. బోర్డులు చక్రానికి ఆనించి, మెల్లగా కదిలించండి. బోర్డుల వెనక ఎవరూ నిలబడకూడదు, అవి చక్రం కింది నుంచి ఎగిరి వస్తాయి.

4. రాకపోతే చెక్క మీద జాకీ పెట్టి చక్రం లేపి, కింద రాళ్లు నింపి దించండి. జాకీ మీద ఉన్న బండి కిందికి చెయ్యి, తల పెట్టొద్దు.

5. ఇవన్నీ అయ్యాకే తాడు. రెండు బళ్లనూ వీలైనంత ఒకే వరుసలో పెట్టండి. తాడు రెండు చివరలూ రికవరీ పాయింట్లకే. ట్రెయిలర్ తగిలించే గుండ్రటి టో బాల్‌కి ఎప్పుడూ తగిలించొద్దు, అది విరిగితే ఎగిరి వచ్చి మనిషిని చంపుతుంది. రెండు తాడులను ఇనుప షాకిల్‌తో జోడించొద్దు, ముడి వేయొద్దు. బో షాకిల్ పిన్ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పితే తర్వాత ఇరుక్కోదు. మధ్యలో డ్యాంపర్ వేయండి.

6. బళ్లలో డ్రైవర్లు మాత్రమే ఉండాలి. మిగతావాళ్లంతా తాడు పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకు. ఫోన్‌తో వీడియో తీసేవాళ్లు కూడా అక్కడే. సాగే స్ట్రాప్‌కి ఒకటి రెండు మీటర్ల వదులు ఇచ్చి, నడక కంటే కొంచెం వేగంగా లాగండి. దిగబడిన బండి కూడా గేరులో ఉండి, తాడు బిగిసిన క్షణంలో మెల్లగా సాయం చేయాలి. రెండు మూడుసార్లు లాగినా కదలకపోతే వేగం పెంచకండి, మళ్లీ పార పట్టండి.

ఊళ్లో నుంచి ట్రాక్టర్ వస్తే ఇంకొక జాగ్రత్త. ట్రాక్టర్‌తో కుదుపు లేకుండా, చిన్న గేరులో, నిదానంగా లాగించాలి. తాడును ట్రాక్టర్ వెనక కింద ఉండే, ట్రాలీ తగిలించే డ్రాబార్‌కే తగిలించాలి. ఇరుసు కంటే పైన ఎక్కడ కట్టినా ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి పడిపోతుంది, నడిపే రైతు దాని కింద ఉంటాడు. సాయం చేయడానికి వచ్చిన మనిషికి ఈ మాట చెప్పి, తాడు మీరే సరిగ్గా కట్టించండి.

తవ్వేటప్పుడు, రాళ్లు తీసేటప్పుడు పాముల సంగతి మరవద్దు, గ్లవ్స్, బూట్లు ఉండాలి. కాటు పడితే బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నడిపించకుండా, విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి చేర్చండి. దగ్గరి పీహెచ్‌సీ, ఏరియా ఆసుపత్రి ఎక్కడున్నాయో బయల్దేరే ముందే రాసుకోవాలి.

తిరిగి వచ్చాక

తారు ఎక్కగానే గాలి నింపి, లీవర్ 2హెచ్‌లోకి మార్చి, వీల్ నట్లు ఒకసారి బిగించి చూడండి. ఇంటికి చేరాక చక్రాల లోపలి మట్టి, రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న గడ్డి, బ్రేకుల దగ్గరి గులకరాళ్లు నీళ్లతో కడగండి. రిమ్ము లోపలి వైపు మట్టి ఎండి ఉంటే హైవే మీద స్టీరింగ్ వణుకుతుంది, చాలామంది దాన్ని అలైన్‌మెంట్ అనుకుని డబ్బు పోసుకుంటారు. లోతు నీళ్లు దాటి ఉంటే డిఫరెన్షియల్, గేర్‌బాక్స్ ఆయిల్ చూపించండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టే, మార్చాలి. స్ట్రాపులను మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. పోగుల్లో ఇసుక ఉండిపోతే లోపల్లోపల కోస్తుంది. అంచు చిరిగినట్టు, పోగులు లేచినట్టు కనిపిస్తే ఆ స్ట్రాప్‌ను ముక్కలుగా కోసి పారేయండి, ఇంకెవరూ పొరపాటున తీసి వాడకుండా.